ఇంకో రేకుంది

గూడూరు నిమ్మకాయల మార్కెట్లో
కాటా చిట్టీలు రాసేవాణ్ణి.
లండన్ సంగీతం గురించి నన్నడిగితే
కాటా ముల్లు చూపిస్తాను.
అయినా చెప్పాలి,
మా అవ్వ కత్తి అందులో ఉంది కనక.

పెన్‌హాలో అని వాళ్ల ఇంటిపేరు.
గనిలో కూలోళ్లకి నోరు తిరగలేదు,
కోనలో సామి పేరు తగిలించి
తండ్రిని పెంచలదొర అన్నారు.
పిల్లోడు చిన్నపెంచలయ్య.
తల్లి మలేరియాతో పోయాక
ఆయా కళ్లుగప్పి
అభ్రకం చీల్చే కొట్టంలోకొచ్చి కూచునేవాడంట.
నలభైమంది ఆడోళ్లు, నలభై కత్తులు,
రేకు మీంచి రేకు లేచేటప్పుడు
ఆ చిన్న చప్పుడు,
ఎండిన పెదాలు విడివడినట్టు.

కాకిబంగారం అనేవాళ్లు దాన్ని.
కాకికీ దక్కలేదు, మనకీ దక్కలేదు.
పెట్టెలకెత్తి ఓడెక్కించారు.
ఎనిమిదో ఏట పిల్లోణ్ణీ ఎక్కించారు.

తర్వాతి కథ నాకు ముక్కలుగానే తెలుసు.
తాతగారింట్లో పాత గ్రామఫోను విప్పి
దాని గొంతులో బిళ్లగా కూచున్న అభ్రకాన్ని
గుర్తుపట్టాడంట, ఊరోణ్ణి పట్నంలో చూసినట్టు.
చలి బడి. పియానో.
యాభై మూడులో మొదటి కచేరీ,
సగంమంది మధ్యలోనే గొడుగులు తీసుకుని లేచిపోయారు.
ఆపైన ఇరవయ్యేళ్లు
పాలడబ్బాల ప్రకటనలకీ రైలింజన్ల డాక్యుమెంటరీలకీ
స్వరాలు రాసి అద్దె కట్టాడు.
పెళ్లి నిలవలేదు.
అరవై దాటాక ఎవరో కుర్రాడు
పాత కాగితాలు దులిపి వాయిస్తే
ఉన్నట్టుండి పెద్దవాడైపోయాడు.
అప్పటికే కుడిచెవి పనిచేయడం మానేసింది.

తొంభై ఎనిమిది నవంబరు. ముసురు.
మా వీధిలో జీపు ఆగింది.
టోపీ, చేతికర్ర, టేపురికార్డరు.
తెలుగంతా పోగొట్టుకున్నాడు, ఒక్క మాట తప్ప:
"చీల్చు."
"ఏందబ్బయా, దొరలకి ఇంకా బాకీ ఉన్నామా?"
అవ్వ కూలి తెగ్గొట్టుకున్నాకే
ట్రంకుపెట్టె అడుగునుంచి
పిడి అరిగిన కత్తి తీసింది.

పని అయ్యాక ఆయన తన క్యాసెట్ పెట్టాడు.
పేరు తెచ్చిందంట అది. అరవై ఫిడేళ్లు.
అవ్వ కళ్లు మూసుకుని విన్నది,
బొటనవేలి గోటితో
గాల్లో ఏదో అంచు వెతుకుతా.
"మందంగా ఉందయ్యా," అంది.
"దీంట్లో ఇంకో రేకుంది. తియ్యొచ్చు."

జీపు డ్రైవరు మస్తాను
దాన్ని ఏ ఇంగ్లీషులో చెప్పాడో,
ముసలాయన చాలాసేపు
అవ్వ గోటినే చూస్తా ఉండిపోయాడు.

రెండేళ్లకి ఆయన పోయాడు.
అవ్వ ఆ ముందు వేసవిలోనే.

ఆయన ఆఖరుగా రాసినదాన్ని మొన్న విన్నాను,
ఢిల్లీ లారీ ఎత్తాక, రాత్రి రెండింటికి,
ఖాళీ గోతాల మీద పడుకుని, ఫోన్లో.
పదకొండు నిమిషాలు. ఫిడేళ్లు నాలుగే.
అవీ ఉన్నాయో లేవో.
ఒక గీత, ఆగుడు,
గీతలోంచి ఇంకో గీత,
ఎత్తి పట్టుకుంటే
అవతలి దీపం కనపడేంత పలచన.
బాగుందో లేదో చెప్పలేను.
ఒకచోట కునుకు కూడా పట్టింది.

ఆరో నిమిషంలో కత్తి.
వెనకే ఒక దగ్గు.
తీసెయ్యకుండా ఉంచాడు.

వాయించినవాళ్ల పేర్లలో
చెంగమ్మ ఉండాల్సిన చోట
"షెంగా" అని ఉంది.
పోన్లే,
మనం మాత్రం ఆ పిల్లోణ్ణి పెంచలయ్యని చెయ్యలేదూ.

మళ్లీ వెనక్కి జరిపాను.
కత్తి, దగ్గు,
వాటి కింద సన్నగా ఇంకేదో గరగర,
టేపు అరుగుదల అనుకున్నాను ముందు.
చెవికి ఆనించి పెట్టుకున్నాను.
వాన.
ఆ రోజు మా రేకులింటి మీద పడిన వాన.